స్విచ్ లేని చెవి

గాజు గదిలో కూర్చున్న రాజేశం చేతిలో ఒక బటన్ ఉంది. మాట వినపడినప్పుడల్లా దాన్ని నొక్కాలి. స్పీకర్ "గిన్నె" అంది, "తలుపు" అంది, "మబ్బు" అంది. రాజేశం నొక్కలేదు. మొహం మాత్రం దొంగతనం చేసి దొరికినవాడిలా పెట్టాడు.

అద్దం అవతల నుంచి డాక్టర్ వైదేహి మైకులో అడిగింది. "ఒక్కటి కూడా వినపడలేదా?"

"లేదు మేడం," అన్నాడు వెంటనే.

ఆమెకు నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది.

వినికిడి పోయినవాళ్లకు ఆపరేషన్ చేసి అమర్చే పాత కాక్లియర్ ఇంప్లాంట్‌కు చెవి వెనక ఒక బిళ్ల ఉండేది. పడుకునేటప్పుడు తీసి పక్కన పెట్టుకునేవాళ్లు. వైదేహి తయారుచేసిన కొత్త పరికరం మైకుతో సహా చర్మం కిందే ఉంటుంది. ఒంటి వేడితోనే చార్జ్ అవుతుంది. స్విచ్ లేదు, అదే ఆమె గొప్పగా చెప్పుకునే సంగతి. చెవి నరం మాటను అందుకుందో లేదో కూడా అదే కనిపెట్టి స్క్రీన్ మీద చూపిస్తుంది. ఇక బటన్ ఉత్త లాంఛనం. రాజేశం నరం ప్రతి మాటనూ అందుకుంది.

ఆమె తలుపు తీసుకుని లోపలికి వెళ్లింది. "ఎందుకీ నాటకం, రాజేశం గారూ?"

"పరీక్షల ఫెయిలైతే దీన్ని బంద్ చేస్తరనుకున్న మేడం."

రాజేశం సిరిసిల్లలో సాంచాలు నడుపుతాడు. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. ఆ మోతకే ఇన్నేళ్లలో అతని చెవులు పోయాయి. షెడ్డులో ఎవరికీ నోటితో పని లేదు, పెదాలూ చేతులూ చాలు. మనవరాలు అక్షిత మాట వినాలన్న ఆశతోనే ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు.

"బిడ్డ మాట ఇన్న మేడం. కండ్లల్ల నీళ్లొచ్చినయ్. కని షెడ్డుకు పోతే సాంచాలు నా నెత్తిలనే నడుస్తున్నయ్. దూది పెట్టుకున్న, తువ్వాల కట్టుకున్న, ఆగుతలేదు. పోగు తెగింది గూడ చూస్తలేను. పని చేసినంతసేపన్న బంద్ చెయ్యిన్రి."

వైదేహి తల అడ్డంగా ఊపింది. "ఆపే మార్గం నేను పెట్టలేదు. నరం పలకడం మానేస్తేనే అది ఆగుతుంది." భయపెట్టైనా షెడ్డు మాన్పించాలని ఇంకో మాట చేర్చింది. "ఆ మోతలోనే ఉంటే ఏడాదిలో నరం చచ్చిపోతుంది. తర్వాత ఏ పరికరమూ పనిచేయదు."

రాజేశం తలెత్తాడు. "ఏడాదేనా మేడం?"

"మనవరాలి మాట కూడా పోతుంది."

అతను బటన్‌ను బల్ల మీద పెట్టేశాడు. "నాకు ఇంకో పని రాదు గద," అన్నాడు.

రిపోర్టులో నూటికి నూరు పడ్డాయి. ఆ ఏడాదేదో తొందరగా అయిపోవాలని, ఆ వారం నుంచి రాజేశం డబుల్ డ్యూటీ అడిగి మరీ చేస్తున్నాడు. ఇంటికి రాగానే అక్షితను పక్కన కూర్చోబెట్టుకుని, "ఏదన్న చెప్పు బిడ్డా," అంటాడు. ఆ పిల్ల బడి సంగతులన్నీ చెప్పి అలిసిపోతుంది.

"అదే మళ్ల చెప్పు," అంటాడు.