ఇద్దరికీ ఒకే లాయరమ్మ

కొలను కడిగే రోజు కాబట్టి ఈత టీచరమ్మకు ఆ పొద్దున సెలవు. సెలవంటే కాళ్ళు చాపుకుని కూర్చునే రకం కాదావిడ. కూతురు పిచ్చుకను టంచనుగా బడిలో దింపి వచ్చి, పై అంతస్తులో అత్తగారి వంటింట్లో నిలబడి, గిన్నెలతో పాటు లాయర్లను కూడా తోమేస్తోంది.

“మొదటాయన నేను మాట్లాడుతున్నంతసేపూ ఫోను చూసుకుంటూనే ఉన్నాడు అత్తయ్యా. పాప వయసెంతని అడిగిందే అడిగాడు. రెండో ఆయన ఇంకా ఘనుడు. ‘మీవారి చేత మూడు చెరువుల నీళ్ళు తాగిస్తా, చూస్తూ ఉండండి’ అన్నాడు. నాకు కావాల్సింది నా కూతురండీ, ఆయన కడుపులో నీళ్ళు కాదు, అని లేచొచ్చేశా.”

బఠాణీలు ఒలుస్తున్న పెద్దావిడకు నవ్వాగలేదు. “ఇవాళ కలవబోయే ఆవిడ అలాంటిది కాదులే. మాట కొలిచి మాట్లాడుతుంది. నేను కోర్టులో టైపిస్టుగా ఉన్నప్పుడు ఆవిడ కాగితాల్లో ఒక్క అక్షరం కొట్టేయాల్సి వచ్చేది కాదు.”

కొడుకు దగ్గర్నుంచి విడాకులు తీసుకోవడానికి సాక్షాత్తూ అత్తగారినే లాయరు పేరు అడిగే కోడలు ఎక్కడైనా ఉంటుందా? ఉంటుంది, ఈ ఇంట్లో. పంటి డాక్టరు దగ్గర్నుంచి పైపులు బాగుచేసే మనిషి దాకా ఈ ఇంట్లో ఎవరికి ఎవరు కావాల్సినా పెద్దావిడనే అడుగుతారు. పైగా ఆవిడ చేత ఒట్టు వేయిస్తే ఇక ఆ మాట గడప దాటదు. ఎన్ని కాపురాల గుట్టు టైపు కొట్టిందో, ఏ ఒక్కటీ పక్కింటికి కూడా తెలియలేదు.

“మీ అబ్బాయికి మాత్రం చెప్పలేదు కదా?”

“ఒట్టేశానుగా! నా నోట్లోంచి రాదు.” ఆ మాట అంటూ పెద్దావిడ ఎందుకో తల పక్కకు తిప్పుకుని, నేల మీద పడని బఠాణీ కోసం వెతికింది. టీచరమ్మ అది గమనించలేదు.

పాపం, ఆమె మొగుడు సోఫాలాయన చెడ్డవాడేమీ కాదు. ఇంటి వెనక షెడ్డులో సోఫాలు కుడతాడు, వీధి వీధంతా ఆయన్ని అలాగే పిలుస్తుంది. తాగడు, తిట్టడు. అసలు నోరే విప్పడు, అదీ గొడవ. ఆమె అరిచేకొద్దీ ఆయన మూసుకుపోయేవాడు, ఆయన మూసుకుపోయేకొద్దీ ఆమె గొంతు పెరిగేది. చివరికి ఇద్దరూ ఒకే ఇంట్లో అద్దెకున్న వేరు వేరు మనుషుల్లా తయారయ్యారు. విడిపోదామన్న మాట ఆమె అన్నప్పుడు ఆయన “సరే” అన్నాడు. “మరి పిచ్చుక?” అంటే మాత్రం సూది దారం పట్టుకుని షెడ్డులోకి వెళ్ళిపోయాడు.

పిచ్చుక తనకే కావాలి. కొలను పక్కన ఇల్లు కూడా చూసి పెట్టుకుంది. ఆ పిల్లను తండ్రికి వదిలితే ఏమవుతుందో చెప్పడానికి టీచరమ్మ దగ్గర తిరుగులేని సాక్ష్యం ఉంది. తను చీకటితోనే పనికి పోతుంది కాబట్టి పిల్లను బడికి తీసుకెళ్ళేది ఆయన. రోజూ ఆలస్యమే. క్లాసు టీచరు పిలిచి మరీ చెప్పింది: “మీరు తెచ్చిన రోజు గంట కంటే ముందే ఉంటుంది. ఆయన తెచ్చిన రోజు గంట కొట్టాకే వస్తుంది.” ఎందుకని నిలదీస్తే ఆయన చెప్పిన సమాధానం, “దారిలో ఆలస్యమవుతోంది.” అంతే! ఆ మాటతోనే ఆమెకు మనసు విరిగిపోయింది.

గారాబం ఇంకోటి. ఊళ్ళో పిల్లలందరికీ ఈత నేర్పే మనిషి కూతురు నీళ్ళలో కాలు పెట్టనంటే పెట్టనంటుంది. “వద్దంటోందిగా, వదిలెయ్” అంటాడాయన. అన్నీ లాయరమ్మకు ఫోనులో ముందే చెప్పేసింది. ఇక వెళ్ళి కేసు అప్పజెప్పడమే.

చెప్పుల దుకాణం పైన లాయరమ్మ ఆఫీసు. ఎప్పటిలాగే చెప్పిన టైముకన్నా ముందే మెట్లెక్కిన టీచరమ్మ, గది గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. లోపల గోడవారగా ఉన్న కుంగిన సోఫా మీద మొగుడు కూర్చుని, అలవాటు కొద్దీ స్ప్రింగులు నొక్కి చూస్తున్నాడు.

“నువ్విక్కడేం చేస్తున్నావ్?”

సోఫాలాయన ఉలిక్కిపడి లేచాడు. “లాయరుగారి కోసం వచ్చా.”

“ఆవిడ నా లాయరు!”

“నాకూ ఆవిడే. నా టైము నీకన్నా ముందే అనుకుంటా. కాస్త ఆలస్యమైంది.”

“కాకపోతే ఆశ్చర్యపోవాలి. ఈవిడ పేరు నీకెవరు చెప్పారు?”

“అమ్మ.”

ఒక్క క్షణం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత టీచరమ్మ ఫోను తీసి, ఆయనకు కూడా వినపడేలా స్పీకరు పెట్టింది.

“అత్తయ్యా! ఏంటిది?”

“ఏంటంటే ఏం చెప్పను?” అవతల పెద్దావిడ గొంతు ఏమాత్రం తొణకలేదు. “నువ్వు వాడికి చెప్పొద్దన్నావు. వాడు నీకు చెప్పొద్దన్నాడు. ఇద్దరికీ ఒట్టేశాను, ఇద్దరి మాటా నిలబెట్టాను. నాకు తెలిసిన మంచి లాయరు ఈవిడొక్కతే. నా కొడుకని వాడికి మంచిదాన్ని చెప్పి, నీకు చెత్తదాన్ని చెప్పనా? పోనీ, నువ్వంటే ఇష్టమని వాణ్ణి ముంచనా? పొయ్యి మీద కూరుంది, ఉంటాను.” ఫోను పెట్టేసింది.

అప్పటికే లోపలి గదిలోంచి వచ్చి ఈ రామాయణమంతా విన్న లాయరమ్మ నవ్వు దాచుకోవడానికి కళ్ళజోడు తుడుచుకుంది. పొట్టి మనిషి. నెరిసిన జుట్టు.

“మీ ఇద్దరి ఇంటిపేర్లూ వేరు కావడంతో నాకు తట్టలేదు, తప్పు నాదే. ఇద్దరి గోడూ ఫోనులో విన్నాను కాబట్టి ఇప్పుడు ఒకరి తరఫున రెండోవారి మీదికి నేను వెళ్ళకూడదు. కొట్లాడుకుంటామంటే చెరో లాయర్ని వెతుక్కోండి. ఇద్దరూ ఒక మాట మీదికి వస్తామంటే మాత్రం, ఆ మాట కాగితం మీద పెట్టి కోర్టు ముందుంచుతాను. అది నా చేతిలో పని.”

“ఈయనతో ఒక మాటా? అసలు మాటంటూ ఉంటే కదండీ!” టీచరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. కొలను అటు గట్టు దాకా వినిపించే గొంతు ఆ చిన్న గదిలో గోడలకు కొట్టుకుంది. “మీ ముందే అడుగుతా. పిల్లని ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు టైముకి బడిలో దింపలేని మనిషి దాన్నెలా పెంచుతాడు? ఇంటి నుంచి బడికి నడిస్తే ఎంతసేపు? రోజూ ఎందుకు ఆలస్యమవుతోంది? చెప్పు. ఇవాళ చెప్పకపోతే ఇక్కణ్ణుంచి కదలను.”

ఆయన తలొంచుకున్నాడు. నాలుగు వేళ్ళతో ప్యాంటు కుట్టు తడుముతున్నాడు.

“చెప్పండి,” అంది లాయరమ్మ నెమ్మదిగా. “ఇది పాప విషయం.”

“కొలను వైపు నుంచి తీసుకెళ్తా,” అన్నాడు.

“కొలనెక్కడ, బడెక్కడ! అటు చివరొకటి, ఇటు చివరొకటి!”

“అవును. నీకు గుర్తుందా, ఒకడు మునిగిపోతుంటే దూకి బయటికి లాగానని ఆ రోజు భోజనాల దగ్గర చెప్పావ్? అందరం చప్పట్లు కొట్టాం. పిచ్చుక కొట్టలేదు.” ఆయన ఇన్ని మాటలు ఒక్కసారే మాట్లాడి ఎన్నాళ్ళైందో! “మర్నాడు లేచేసరికి నువ్వు లేవు. ‘అమ్మ మునిగితే ఎవరు తీస్తారు నాన్నా?’ అంది. ఎంత చెప్పినా వినలేదు, చెప్పులు వేసుకోనని ఒకటే ఏడుపు. ఏం చెయ్యాలో తోచక కొలను దగ్గరికి తీసుకెళ్ళి, రోడ్డు వైపు అద్దం కిటికీలోంచి నీ ఎర్రటోపీ చూపించా. చూసి, ‘ఉంది’ అంది. అంతే, మారు మాట్లాడకుండా బడికొచ్చింది. ఆ రోజు నుంచీ రోజూ అదే. ఒక్కోసారి నువ్వు నీళ్ళ అడుగుకి వెళ్తావు. పైకొచ్చేదాకా నిలబడాలి. నీకు సెలవైతే దానికి ఆ బెంగ ఉండదు, నేరుగా బడికెళ్తుంది.”

టీచరమ్మ తిరుగులేని సాక్ష్యం కాస్తా తిరిగి తన మొహాన్నే చూస్తోంది.

“నాకెందుకు చెప్పలేదు?” అంది, తన గొంతు తనకే వినపడనంత చిన్నగా.

“పిచ్చుక ఒట్టేయించుకుంది. ‘నాకు భయమని తెలిస్తే అమ్మ ఈత మానేస్తుంది, అమ్మకి ఈతంటే ఇష్టం, చెప్పొద్దు’ అంది.”

“అచ్చం మీ అమ్మ పోలికే!” అంది టీచరమ్మ. అని, నవ్వబోయి, ఏడ్చేసింది. చీకట్లో లేచి, నిద్రపోతున్న కూతురి నుదుటి మీద ముద్దుపెట్టి, దర్జాగా పనికి పోయేది తను. ఆ వెనకే లేచిన పిల్ల అమ్మ బతికే ఉందో లేదో చూసుకోవడానికి రోజూ ఊరి ఆ చివర దాకా వచ్చేది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, మాటలు పడుతూ, నోరెత్తకుండా నడిచినవాడు ఎదురుగా కూర్చున్నాడు.

లాయరమ్మ మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది. టీచరమ్మ తాగి, మొహం తుడుచుకుని, మొగుడి వైపు సూటిగా చూసింది.

“పిల్ల మొత్తం నాకే కావాలని అడగడానికి నేనొచ్చా. నువ్వేం అడుగుదామని వచ్చావ్?”

“పొద్దున్నలు,” అన్నాడాయన. “బడి టైము దాకా నా దగ్గర ఉండనిస్తే చాలని.”

టీచరమ్మ వీపు నిటారుగా చేసి కూర్చుంది. లోతు నీళ్ళలోకి దూకే ముందు ఆవిడ అలాగే నిలబడుతుంది.

“రాయండి లాయరమ్మగారూ. పొద్దున్నలు నాన్నవి. బడి వదిలాక నావి. సెలవులు చెరిసగం. కొలను పక్కన ఇల్లు నాకొద్దు, మా వీధిలోనే ఏదో ఒకటి చూసుకుంటా.”

“మరి విడాకులు?” అడిగింది లాయరమ్మ.

భార్యాభర్తలిద్దరూ మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈసారి ఆ చూపులో కోపం లేదు.

“అవీ రాయండి,” అంది టీచరమ్మ. “ఇంత మంచి మాటని ఇన్నాళ్ళు కడుపులో దాచుకున్న మనిషితో నేను కాపురం చెయ్యలేను. నా అరుపులతో ఆయనా వేగలేడు. కానీ పిల్లని పెంచడానికి ఇంతకంటే మంచి మనిషి నాకు దొరకడు. ఆ మాట కూడా రాయొచ్చా?”

“కోర్టు కాగితంలో అలాంటివి రాయం,” అంది లాయరమ్మ. “ఆయన విన్నారుగా, చాలు.”

సోఫాలాయన విన్నాడు. కళ్ళొత్తుకుని, “ఈ సోఫా స్ప్రింగులు పోయాయండీ, పంపించండి, బాగుచేస్తా,” అన్నాడు లాయరమ్మతో. ఆయనకు చేతనైన కృతజ్ఞత అది.

మెట్లు దిగుతూ ఆయన ఆగాడు. “ఒట్టు తప్పాను. చెప్పానని దానికి తెలిస్తే?”

“తెలియదు,” అంది టీచరమ్మ. “క్లాసు టీచరుతో నేను మాట్లాడతా. రోజూ వచ్చే దారినే రా.”

మర్నాడు కొలను దగ్గర ఆవిడ ఒక చిన్న మార్పు చేసింది. ఎప్పుడూ రోడ్డు వైపు అద్దానికి వీపు పెట్టి నిలబడి పాఠం చెప్పే మనిషి, ఆ రోజు అటు గట్టుకు మారింది. అక్కణ్ణుంచి నీళ్ళలోని పిల్లలూ కనిపిస్తారు, అద్దమూ కనిపిస్తుంది. బడి వేళ దగ్గరపడేసరికి అద్దానికి ఒక చిన్న ముక్కు అతుక్కుంది. వెనక సంచీ భుజాన వేసుకుని పొడుగాటి మనిషి నిలబడ్డాడు.

పరుగున వెళ్ళి ఎత్తుకోవాలనిపించింది. చెయ్యి ఊపాలనిపించింది. ఊపలేదు. కూతురి గుట్టు కూతురిదే. తోటి టీచరును పిల్లల దగ్గర నిలబెట్టి, ఎర్రటోపీ సర్దుకుని నీళ్ళలోకి దూకింది. అడుగు దాకా వెళ్ళి, పైకి తేలి, తల విదిలించి నవ్వింది. మళ్ళీ మునిగింది, మళ్ళీ తేలింది. ప్రతిసారీ అద్దానికి మరికాస్త దగ్గరగా. ఎంత లోతుకు వెళ్ళినా అమ్మ పైకి వస్తుందని ఆ పిల్లకు కంటినిండా కనపడాలి.

ఆఖరిసారి తేలేసరికి అద్దం పక్కనే ఉంది. చూడనట్టే చూసింది. పిచ్చుక ముక్కు తీసి, తండ్రి వేలు పట్టుకుని, తలెత్తి ఏదో అంది. అద్దం అవతలి మాట వినపడలేదు కానీ, పెదవులు చూసి టీచరమ్మ ఆ మాటేమిటో పోల్చుకుంది.

“ఉంది.”

తడి మొహం కాబట్టి కన్నీళ్ళు ఎవరికీ తెలియలేదు. తండ్రీ కూతుళ్ళిద్దరూ మలుపు తిరిగేదాకా చూసి, ఆవిడ ఈల నోట్లో పెట్టుకుని పిల్లల వైపు తిరిగింది.