పైపు మీద మూడు దెబ్బలు

చంద్రపూర్ జిల్లాలో మాజ్రి దాటి గనుల వైపు వెళ్తే, సగం ఖాళీ అయిన పాత కాలనీ చివర ఒక రేకుల హాలు ఉండేది. కార్మికుల క్లబ్బు. పగలు అందులో క్యారమ్ ఆడేవాళ్లు, బారసాలలు చేసుకునేవాళ్లు. పొద్దు గూకాక మాత్రం అక్కడ వాయిద్యం ముట్టేవాళ్లు కాదు.

భయం చీకటికి కాదు... పాటకి.

వెనకటికి ఒక రాత్రి ఆ హాల్లో ఆర్కెస్ట్రా జోరుగా సాగుతుంటే, సరిగ్గా దాని అడుగున, గనిలోకి నీళ్లు విరుచుకుపడ్డాయి. ముగ్గురు మనుషులు కాస్త ఎత్తుగా ఉన్న ఒక మూలకు ఎక్కి చిక్కుకుపోయారు. వాళ్ల పక్కనే నీళ్లు పైకి తోడే ఇనుప పైపు. గనిలో చిక్కుకున్న మనిషి కేకలు వెయ్యడు, ఊపిరి దండగ. ఇనుము మీద తడతాడు. మూడు దెబ్బలు... ఆగడం. మళ్లీ మూడు... ఆగడం. ఆ ఆగడం జవాబు కోసం. పైనున్నవాళ్లు తిరిగి మూడు తట్టారంటే, విన్నాం, వస్తున్నాం అని. ఒకసారి తట్టాక వెళ్లి తీరాలి. అది గని మనుషుల మధ్య మాట.

ఆ రాత్రి పైనుంచి ఎవరూ తిరిగి తట్టలేదు. పైపు గనిలోంచి హాలు వెనక పంపు గదిలోకి లేచి, అక్కణ్ణుంచి హాలు లోపలి గోడ వెంటే పోతుంది. అయినా ఎవరికీ వినపడలేదు. డోలక్ అంత బాగా మోగుతోంది మరి.

ఆ డోలక్ వాయించినవాడు పోచన్న.

ముగ్గురూ కిందే ఉండిపోయారు, గని మూసేశారు. పైపు మిగిలింది. తర్వాత ఎప్పుడు అక్కడ వాయిద్యం మోగినా పైపులో చప్పుడొస్తుందని... మూడు దెబ్బలేనని... చెప్పుకునేవాళ్లు. పొరపాటున కూడా తిరిగి తట్టకూడదు. తడితే, కిందికి వస్తానని వాళ్లకి మాటిచ్చినట్టే. వినపడిందా, ఒకటే ఉపాయం — ఇంకా గట్టిగా వాయించడం.

పోచన్న కోడలు జ్యోతిలక్ష్మి ఇవేవీ నమ్మేది కాదు. అంగన్‌వాడీలో గది నిండా పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టే మనిషి. ఇనుము అన్నాక ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, చప్పుడు చెయ్యకేం చేస్తుంది అనేది.

నేలని పైనుంచే తవ్వుకుపోయే ఓపెన్‌కాస్ట్ గని కాలనీ దాకా వచ్చేసింది. క్లబ్బుని కూడా కూల్చేస్తారని తెలిసిన రోజున పోచన్న అటక మీది డోలక్ దించాడు.

"గా హాల్ల ఒక్కపారి వాయించి పోత," అన్నాడు.

ఎందుకని కొడుకు రమేష్ అడిగాడు. పోచన్న డోలక్ తాళ్లు బిగించుకుంటూ కూర్చున్నాడు.

అట్లా ఆ పుష్యమాసపు సాయంత్రం కచేరీ కుదిరింది. డోలక్ పోచన్న. ఖంజరి వెంకన్న, ఆయనతో గనిలో పనిచేసినవాడు. కీబోర్డు పక్క వీధి మరాఠీ అబ్బాయి సచిన్. పాట జ్యోతిలక్ష్మి. కాలనీలో కరెంటు ఎప్పుడో పీకేశారు కాబట్టి జనరేటరు ఆమె భర్త రమేష్ తెచ్చాడు. దాని మోత పాటకి అడ్డమని హాలు వెనక పాత పంపు గదిలో పెట్టాడు.

"పాట నీది, పేరు బాపుది, డీజిల్ వాసన నాది," అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

"వాసన కొత్తనా? రోజు డంపర్ దిగి గదే వాసనతోని వస్తవు," అంది జ్యోతిలక్ష్మి.

నల్లమబ్బు చూసి వస్తామన్నవాళ్లలో సగం మంది రాలేదు. వచ్చిన కాసిని ఇళ్లవాళ్లు స్టేజీ వదిలేసి కిందే, చలికి రాజేసిన బొగ్గుల సిగిడి చుట్టూ చేరారు. వాయించేవాళ్లు, వినేవాళ్లు ఒకే చాప మీద. మోకాళ్లు మోకాళ్లు తగులుతున్నాయి. మైకు అక్కర్లేకపోయింది.

మొదటి పాట అయింది. పైపు పలకలేదు.

"ఏం జ్యోతీ, దయ్యాలు గూడ నీ పాట ఇని పారిపోయినట్టున్నయ్," అంది ఎదురింటి నర్సక్క. అందరూ నవ్వారు. పోచన్న నవ్వలేదు. పైపు వైపే చూస్తున్నాడు.

అప్పుడు రేకుల మీద టప్పున ఒక దెబ్బ... కాసేపటికి ఇంకొకటి.

"రాళ్ల వాన," అన్నాడు రమేష్ లేస్తూ. "జనరేటర్ మీద టార్పాలిన్ కప్పి వస్త. పాట ఆపకున్రి."

అతను వెళ్లాడు. తలుపు మూసుకుంది. ఆ వెంటనే ఆకాశం రేకుల మీద పడిపోయింది.

మన వైపు రాళ్ల వాన, అదే వడగళ్ల వాన, అంటే గోధుమ పడిపోవడం, పెంకులు పగలడం. అది అట్లాంటిది కాదు. పక్కవాడి మాట పక్కవాడికి వినపడలేదు. కిటికీలోంచి చూస్తుండగానే నేల తెల్లబడింది... గట్టు తెల్లబడింది... బళ్లు తెల్లబడ్డాయి. ఎవరో నేల మీద తెల్లగుడ్డ కప్పినట్టు. గాలి ఒక్క విసురు విసిరింది. హాలు వెనక ఏదో దబ్బున పడింది. దీపాలు ఆరిపోయాయి.

జనరేటరు మోత లేదు. సిగిడి ఎర్రటి వెలుగు ఒక్కటే మిగిలింది.

జ్యోతిలక్ష్మి రమేష్‌కి ఫోన్ కలిపింది. అతని ఫోను వెలిగింది... సచిన్ కీబోర్డు పక్కన. చార్జింగ్‌కి పెట్టి వెళ్లాడు.

ఆమె తలుపు దగ్గరికి పరిగెత్తింది. వెంకన్న ఆమెను వెనక్కి నెట్టి, తలకి కండువా చుట్టుకుని తనే బయటికి అడుగేశాడు. రెండు అంగలు కూడా వెయ్యలేకపోయాడు. లోపలికి వచ్చి పడేసరికి కండువా నెత్తుటితో తడిసింది. నిమ్మకాయలంత రాళ్లు అతని వెనకే గడప దాటి దొర్లుకుంటూ వచ్చాయి.

"ఆగు బిడ్డా," అన్నాడు పోచన్న ఆమె చెవిలో. "పంపు గదివి ఇటుక గోడలు. వాడు లోపల్నే నిలబడ్డడు. వాన ఆగినంక వస్తడు. పోరగాండ్లు బెదురుతున్నరు... నువ్వు పాడు."

ఇంకేం చేస్తుంది. కూర్చుంది. నాట్ల పాట ఎత్తుకుంది, అందరూ కలిపి పాడతారని. డోలక్ అందుకుంది. రెండు చరణాలు సాగాయి...

టంగ్. టంగ్. టంగ్.

డోలక్ తడబడింది.

పైపు స్టేజీ పక్కన నల్లగా నిలబడి ఉంది. ఎవరూ దాని దగ్గర లేరు.

టంగ్. టంగ్. టంగ్... ఆగడం.

"ఆపకు," అని నర్సక్క ఆమె మోచెయ్యి పట్టుకుంది. "ఆపకు జ్యోతీ... అటు సూడకు."

"కాకా, థాంబూ నకా," అన్నాడు సచిన్. కరెంటు లేక మూగబోయిన కీబోర్డును ఒళ్లో పెట్టుకుని పోచన్నని బతిమాలుతున్నాడు. ఆపొద్దు, కాకా.

పోచన్న ఆపలేదు. రెండు చేతులా బాదాడు. వెంకన్న కారుతున్న నెత్తురు తుడుచుకోకుండా ఖంజరి అందుకున్నాడు. అందరూ గొంతులు చించుకుని పాడుతున్నారు. అది పాట కాదు... గోడ. ఆ చప్పుడు తమ దాకా రాకుండా కడుతున్న గోడ.

జ్యోతిలక్ష్మి ఒక్కతే ఆగిపోయింది.

"మామా... గా తట్టేది ఆయన కావచ్చు. పైపు పంపు గది నుంచి పోతది గద."

"వాడైతే కేకేస్తడు."

"గీ రాళ్లల్ల కేకేస్తె ఇనిపిస్తదా?"

పోచన్న ఇంకా గట్టిగా బాదాడు. ఆమె ముఖంలోకి చూడలేదు.

ఎప్పుడూ నమ్మని మనిషి. అయినా లేవలేకపోయింది. అతనే అయితే, తను జవాబు ఇవ్వని ప్రతిసారీ అతను చీకట్లో ఎదురుచూస్తున్నాడు. కాకపోతే... తట్టింది వాళ్లయితే... నేలకింద ఉన్నవాళ్లకి తను మాటిచ్చినట్టు. బయటికి వెళ్లడానికి లేదు. వినకుండా ఉండడానికి లేదు. మళ్లీ పాడింది. తన మొగుడి చప్పుడే అయితే దాన్ని తన గొంతుతోనే పూడ్చిపెడుతోంది. ఆ సంగతి తెలుస్తూనే పాడింది.

నాట్ల పాట అయిపోయింది. నర్సక్క మనవరాలు వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆ పిల్ల కోసం జ్యోతిలక్ష్మి జోలపాట మొదలుపెట్టింది. జోలపాటకి డోలక్ బాదలేరు. చప్పుడు తగ్గింది. రాళ్లు కూడా కొంచెం పలచబడ్డాయి.

ఆ సందులోంచి వచ్చింది.

టంగ్... టంగ్... టంగ్.

మెల్లగా. ఓపిక అయిపోయినట్టు.

పాట ఆఖరి చరణం ఆమె ఎట్లా పాడిందో తెలియదు. పాడుతూనే లేచింది. సిగిడి పక్కనున్న పట్టుకారు తీసుకుంది. నర్సక్క కొంగు పట్టి లాగింది... విడిపించుకుంది. "వద్దు బిడ్డా," అని పోచన్న డోలక్ వదిలి లేచేలోపు పైపు దగ్గరికి చేరింది.

తట్టింది. ఒకటి. రెండు. మూడు.

పైపులో చప్పుడు ఆగిపోయింది.

మళ్లీ రాలేదు. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. పైన రేకులు కూడా ఒక్కొక్కటిగా చప్పుడు మానుకున్నాయి. వాన వెలిసింది.

బయట నేలంతా తెల్లగా, కాలు పెడితే కరకరలాడుతోంది. ఫోన్ల వెలుగులో హాలు వెనక్కి పరిగెత్తారు. పంపు గది కప్పు లేదు. ఒక గోడ లోపలికి ఒరిగిపోయింది. ఇటుకలు, రేకులు, వాటి మీద జానెడు ఎత్తున వాన రాళ్లు. కప్పు దూలం కింద రమేష్. కాలు నలిగిపోయింది. పెదాలు నీలంగా ఉన్నాయి. తల పైపుకి ఆనించి ఉంది.

కళ్లు తెరిచాడు.

"ఆలస్యం చేసిన్రు," అన్నాడు.

జ్యోతిలక్ష్మి అక్కడే, ఆ రాళ్లలోనే కూలబడింది. నర్సక్క ఏడుస్తూ నవ్వింది. "దయ్యం లేదు పాడు లేదు, మన రమేష్ పొల్లగాడే. ఇన్నేండ్లు ఉత్తగ భయపడి సచ్చినం," అంది. అందరూ తలో మాటా అన్నారు. దూలం ఎత్తారు. జీపు తెచ్చారు. చంద్రపూర్ ఆసుపత్రికి చేర్చేదాకా ఎవరో ఒకరు ఆ సంగతి చెప్పుకుని నవ్వుతూనే ఉన్నారు.

పోచన్న మాత్రం దారంతా వెనక్కి, క్లబ్బు వైపే చూస్తూ కూర్చున్నాడు.

తెల్లవారింది. కాలికి కట్టు వేశారు. నడక వస్తుందని డాక్టరు చెప్పాడు. జ్యోతిలక్ష్మి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది, మంచం ఇనుప పట్టీ మీద చెయ్యి ఆనించి. పోచన్న కాళ్ల దగ్గర నిలబడ్డాడు.

"నిన్ను చీకట్ల ఎదురుచూపిచ్చిన," అంది ఆమె. "తట్టుతుంటె ఇనుకుంట కూసున్నం. తప్పయింది."

రమేష్‌కి అర్థం కాలేదు.

"ఎదురుచూసుడేంది? నేను మొదటిపారి తట్టంగనే జవాబిచ్చిన్రు గద. గా ధైర్యంతోనే బతికిన."

"మొదటిపారా? నేను తట్టింది ఒక్కపారే. ఆఖర్ల."

"కాదే. తట్టినప్పుడల్లా వచ్చింది. మూడుకు మూడు. మంచిగ... పక్కనుంచి తట్టినట్టు."

పోచన్న ముందుకు వంగాడు. "హాలు దిక్కు నుంచేనా?"

రమేష్ తల అడ్డంగా ఊపాడు.

"లేదు బాపు. కింది నుంచి."

వార్డులో ఎవరో దగ్గారు. నర్సు పక్క మంచం దగ్గర సెలైన్ మారుస్తోంది. జ్యోతిలక్ష్మి గొంతు తగ్గించింది.

"పోనీ... నువ్వు జోలపాటప్పుడు తట్టితివి సూడు. మెల్లగ. గప్పుడు ఇగ ఆగలేక తట్టిన నేను. గదైతె ఇన్నవా?"

"జోలపాటప్పుడు నేనేడ తట్టిన?" అన్నాడు రమేష్. "పైపుకు చెవి ఆనిచ్చి మీ పాటలన్ని ఇన్న. నాట్ల పాట అయితుండంగనే నా స్పానర్ జారి రేకుల కింద పడిపాయె. చెయ్యి అందలే. గంతే, మళ్ల తట్టలే." ఆమె ముఖం చూసి ఆగాడు. "జోలపాటప్పుడు చప్పుడైతె ఇన్న. మీరే అనుకున్న."

పోచన్న కోడలి వైపు తిరిగాడు. వార్డులో ఎవరికీ వినపడకూడదన్నట్టు అడిగాడు.

"మరి నువ్వు మాటిచ్చింది ఎవరికి, బిడ్డా?"

జ్యోతిలక్ష్మి మంచం ఇనుప పట్టీ మీద ఆనించిన చెయ్యి... కింద నుంచి ఎవరో తట్టినట్టు... మెల్లగా వెనక్కి తీసుకుంది.