సెనేటర్ ఆఖరి షాట్

శవపేటికలో శవం ఉంది. అదే చిక్కు. అక్కడ ఉండాల్సింది బతికున్న నటుడు.

ఫిల్మ్‌నగర్‌లో ఓ షూటింగ్ ఫ్లోర్. మధ్యాహ్నం రెండు గంటలు. ఇన్‌స్పెక్టర్ భూలక్ష్మి వంగి చూసింది. నల్లకోటు, అంటించిన తెల్లగడ్డం. నటుడు ఇశ్రాయేలు.

వెబ్ సిరీస్‌లో అతనిది పందొమ్మిదో శతాబ్దపు అమెరికా లాయరు వేషం. పేదల తరఫున వాదించి పేరు తెచ్చుకుని, సెనేటర్ అయి, ఊరంతా ఏడ్చేలా పోయిన మనిషి. ఈరోజు తీసింది ఆ కడసారి చూపే.

పక్కన ఖాళీ మజ్జిగ గ్లాసు. తెచ్చింది మేకప్ వేసే తెరెసా. గడ్డం జిగురు మండిందని పొద్దున ఇశ్రాయేలు ఆమెను అందరి ముందూ తిట్టాడు. మజ్జిగలో ఏదో కలిపిందన్న అనుమానంతో ఆమె కోసం బయట పోలీసు జీపు సిద్ధంగా ఉంది.

"షాట్ ఓకే కాగానే యూనిట్‌ని భోజనానికి పంపేశాను," అన్నాడు డైరెక్టర్ అనంతపద్మనాభం. "ఇశ్రాయేలు లేచి కూర్చుని మజ్జిగ అడిగాడు. ఈవిడ ఇచ్చింది. నేను తినొచ్చేసరికి ఇలా."

"అబద్ధం మేడం!" తెరెసా భోరుమంది. "నేనొచ్చేసరికి కళ్లు మూసుకునే ఉన్నారు. నిద్రపోతున్నారని గ్లాసు పక్కన పెట్టి వెళ్లిపోయానండీ. నా పిల్లలకి నేను తప్ప ఎవరూ లేరు."

భూలక్ష్మి కెమెరా వైపు చూసింది. దానికి దిష్టి నిమ్మకాయ వేలాడుతోంది.

"గీ నిమ్మకాయ ఎవరు కట్టిన్రు?"

"నేనే," అన్నాడు డైరెక్టర్. "అది లేనిదే కెమెరా ఆన్ చెయ్యను."

"మరి శవం షాట్ అయినంక నవ్వు తీసిన్రా?"

సినిమావాళ్లకి అదొక ఆచారం. శవంగా పడుకున్నవాడు కట్ చెప్పాక కెమెరాలోకి చూసి నవ్వాలి. ఆ నవ్వు రికార్డయితేనే కీడు పోయినట్టు.

"తీశాను. అందర్నీ పంపేసి నేనే తీశాను."

"జర చూపెట్టుండ్రి."

మానిటర్ మీద టేకు తర్వాత టేకు. ప్రతిదాంట్లో నల్లకోటు పైకీ కిందకీ కదులుతోంది. ప్రతిదాని చివరా డైరెక్టర్ అరుపు: "ఊపిరి బిగపట్టవయ్యా!" ఆఖరి టేకులో కోటు కదల్లేదు. కట్. ఆ తర్వాత ఏమీ లేదు.

"మర్చిపోయి ఉంటాను."

"నిమ్మకాయ మరవనోళ్లు నవ్వు మరుస్తరా? షాట్ నడుస్తుంటెనే పాణం పోయింది. లేచి మజ్జిగ అడిగిండన్నది అబద్ధం. ఏమిచ్చిన్రు?"

అనంతపద్మనాభం కుర్చీలో కూలబడ్డాడు.

"నిద్రమాత్రలు. కదలకుండా ఉంటాడని కాఫీలో కలిపాను. చావాలని కాదు మేడం. కట్ చెప్పి, అందర్నీ పంపి, నవ్వవయ్యా అన్నాను. నవ్వలేదు."

"డాక్టర్‌ను పిలువలేదా?"

"భయమేసింది. మజ్జిగ కనబడితే, అది తాగే పోయాడనుకుంటారని పారబోశాను."

భూలక్ష్మికి ఒళ్లు మండిపోయింది. తెరెసాను ఇంటికి పొమ్మని, అతనికి జీపు చూపించింది. గుమ్మం దగ్గర అతను ఆగి మానిటర్ వైపు తిరిగాడు.

"ఆ టేకు చెరిపెయ్యరు కదా? అంత బాగా ఎప్పుడూ రాలేదు."

"చెరపం," అంది భూలక్ష్మి. "కోర్టుల అందరికీ చూపెడతం."