గంట ఆగని గేటు

సెమరాంగ్ నగరంలో ప్రైవేటు డిటెక్టివ్ హెర్లంబంగ్ ముందు నింగ్రుమ్ కూర్చుంది. అతని అసిస్టెంటు సత్రియో మంచినీళ్లు అందించాడు.

"వరద కాలువ గేటు నడిపే ప్రోగ్రాం నాదే, సార్. మార్పులు పంపితే గంట ఆగాకే గేటుకి ఎక్కాలి. ఆలోగా కింద చెత్త ఆపే జాలీ శుభ్రం చేసేవాళ్లు పైకొచ్చేస్తారు. గంట ఉందిలెండి అని చెప్పి జాలీ పనివాడు సురోతో గారిని దింపింది నేనే. ఒడ్డు మీంచి ఫోన్‌లో మార్పు పంపగానే గేటు లేచింది. నీళ్లు ఆయన్ని లాక్కుపోయాయి." ఆమె గ్లాసు పక్కన పెట్టింది. "ఆ గంట నేనే తీసేశానని మా మేనేజర్ హర్జోనో అంటున్నాడు. రేపు పోలీసులకి అప్పజెప్తాడట."

హెర్లంబంగ్ గేటు ఆఫీసుకి వెళ్లి కంప్యూటర్ ముందు చాలాసేపు కూర్చున్నాడు. అడిగినవి రెండే ప్రశ్నలు. గేటు తాళం తెరిచే సంకేతం ఎవరికి తెలుసు? నింగ్రుమ్‌కీ, హర్జోనోకీ. ఆ రోజు గేటు చూడ్డానికి పై అధికారులు ఎన్నింటికొచ్చారు? రెండింటికి. సత్రియో బుర్ర బద్దలుకొట్టుకున్నా ఏమీ అంతుపట్టలేదు.

మర్నాడు పొద్దున్నే అందరినీ అక్కడికే పిలిపించాడు. సురోతో భార్య కస్మీ కూడా వచ్చింది. ఇద్దరు పోలీసులు గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"గంట ఎవరూ తీయలేదు. ఇదిగో, అరవై నిమిషాలు, అలాగే ఉంది," అన్నాడు హెర్లంబంగ్. "కానీ ఆ నియమం 'ప్రొడక్షన్' అనే పేరుకి కట్టింది. ఆ రోజు పంపిన మార్పు ఫైల్లో 'ప్రొడుక్సి' అని ఉంది. లేని పేరు రాస్తే యంత్రం ఆ పేరుతో కొత్త అమరిక పుట్టిస్తుంది. దానికి ఏ నియమమూ ఉండదు."

"నేను మొత్తుకునేది అదేగా!" అన్నాడు హర్జోనో. "ఇంగ్లీషు మాట రాయాల్సిన చోట మన మాట రాసేసింది. ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేస్తేగా!"

"పొరపాటున పుట్టిన అమరికలో గేటు తెరిచే సంకేతం ఉండదండీ. అది ఎవరో చేత్తో ఎక్కించాలి. ఒంటిగంటా నలభైకి నింగ్రుమ్ పేరు మీద, ఈ గదిలోంచే ఎక్కింది. కస్మీ గారూ, అప్పుడు నింగ్రుమ్ ఎక్కడుంది?"

"నేను క్యారేజీ తెచ్చినప్పటి నుంచీ ఒడ్డునే ఉంది నాయనా. ఒంటిగంటన్నర నుంచి గేటు లేచేదాకా నా పక్కనే."

"ఆమె తెరిచి వదిలేసిన కంప్యూటర్ దగ్గర మిగిలింది మీరే, హర్జోనో. సంకేతం తెలిసిన రెండో మనిషీ మీరే. రెండింటికి పై అధికారులొస్తారు, వాళ్ల ముందు గేటు పనిచేయాలి. గంట ఆగే ఓపిక లేక మీరే ఫైల్లో పేరు మార్చి, సంకేతం ఎక్కించారు."

హర్జోనో మొహం పాలిపోయింది. "కింద మనిషి ఉన్నాడని తెలీదు... ఒక్క గంటేగా అనుకున్నా."

సత్రియోకి అతని చెంప పగలగొట్టాలనిపించింది. పోలీసులు హర్జోనోని తీసుకెళ్లారు.

నింగ్రుమ్ మాత్రం తలెత్తలేదు. "గంట ఉందని చెప్పింది నేనే కదమ్మా," అంటూ వెక్కివెక్కి ఏడ్చింది.

కస్మీ లేచి తెర మీది అరవై అంకెను వేలితో తాకింది.

"ఉంది కదే తల్లీ. నువ్వు అబద్ధం చెప్పలేదు. ఆ గంట నమ్ముకునే కదా, పైకొచ్చాక తింటానని అన్నం నా చేతికిచ్చి దిగాడు."