కనుమ మీద ఖరిసిరి

మిట్టమధ్యాహ్నం!

మనిషి నీడ మనిషి కాళ్ల కిందే దాక్కునే వేళ... పదిహేను వేల అడుగుల ఎత్తున, చుల్యుంకాని కనుమ మీద, పెట్రోలు వాసన గుప్పుమంటోంది.

కనుమ ఎక్కే ప్రతి బాటసారీ కింది నుంచి ఒక రాయి మోసుకొచ్చి ఈ శిఖరానికి దేవుడైన కొండతాత ముందు పెడతాడు. తరతరాలుగా అలా పేరుకున్న రాళ్లగుట్టే అపచేత. ఇప్పుడు ఆ గుట్ట ముందు ఒక తెల్లవాడు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతులు వెనక్కి విరిచి లామా ఉన్ని తాడుతో కట్టేశారు. గడ్డంలోంచి పెట్రోలు చుక్కలు చుక్కలుగా రాలుతోంది. పేరు విటోల్డ్. సైకిలు మీద దేశాలు దాటుతూ వచ్చినవాడు. అతని చుట్టూ తొలాపంప ఊరు మొత్తం అరవై మంది.

లారీ తొట్టిలో, మూడు దుప్పట్ల కింద, నికాసియా తొక్కుతోంది.

అవును... తొక్కుతోంది! వెల్లకిలా పడుకునే ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి, ఆ కళ్లలో మాత్రం మనిషి లేదు. లేని హాండిలును పదివేళ్లూ బిగించి పట్టుకున్నాయి. లేని పెడళ్ల మీద పాదాలు తిరుగుతున్నాయి... కుడి, ఎడమ, కుడి, ఎడమ... రెండు పగళ్లుగా, రెండు రాత్రులుగా, ఒక్క క్షణం ఆగకుండా! ఎత్తు వచ్చినట్టు ఒకసారి నెమ్మదిస్తాయి. వాలు దొరికినట్టు ఒకసారి రివ్వున తిరుగుతాయి. ఇసుకలో దిగబడినట్టు మడమలు గజగజ వణుకుతాయి. ఏదో దారిలో పోతోంది ఆ పిల్ల. ఆ దారికి ఊరు లేదు, నీళ్లు లేవు, చివర లేదు!

ఇరవై రెండేళ్ల పిల్ల. ఉప్పుమడుగుల నుంచి ఈ కనుమ దాకా ఎక్కడ నీటి ఊట ఉందో, ఎక్కడ గాలి తగలని బండ ఉందో కాగితం మీద గీసి, వచ్చే సైకిలు యాత్రికులకు ఇచ్చేది. మూడు రోజుల కిందట కొత్త దారి చూసొస్తానని నవ్వుతూ బయలుదేరింది. ఇప్పుడు ఆ ముఖంలో ఎముకల మీద చర్మం మాత్రం మిగిలింది. కుడి డొక్క మీద వెంట్రుకంత సన్నటి ఎర్రగీత!

ఈ ఏడాది ముగ్గురు ఇలాగే పోయారు. పట్నం డాక్టర్లు ఎత్తు పడక వచ్చిన జబ్బన్నారు. తొలాపంపలో ఆ మాట నమ్మినవాళ్లు లేరు. ఖరిసిరి! ఒంటరి బాటసారి వెనక గంట మోగించి, మత్తులో ముంచి, డొక్కలోంచి కొవ్వు తోడుకుపోయే క్షుద్రుడు! ఆ కొవ్వుతో పుర్రెకు దీపం పెట్టి తన ఆయుష్షు పొడిగించుకునే పాపాత్ముడు! ముగ్గురికీ మూడో రోజు మధ్యాహ్నమే, నీడ తూర్పుకు తిరగగానే కాళ్లు ఆగిపోయాయి. కాళ్లతో పాటే ప్రాణమూ.

నికాసియాకు ఇది మూడో రోజు.

లారీ పక్కన, చెల్లెలి మడమ మీద చెయ్యి వేసి నిలబడి ఉంది బసీలియా. తొలాపంపలో సైకిలు యాత్రికులు దిగే ఇల్లు ఆమెదే. పెట్రోలు డబ్బా పట్టుకున్నవాడు ఆమె మొగుడు ఫౌస్తో. దారి చూపేవాళ్లకు పెద్ద అతనే. నికాసియాకు సైకిలు నేర్పిందీ అతనే.

కోకా ఆకులు పరిచి జోస్యం చెప్పే సబాస్తా అవ్వ అందాకా చెప్పిన సంగతి ఒక్కటే. ఖరిసిరిని నిప్పు చంపదు, కత్తి చంపదు. వాడి చేత చిక్కినవాళ్ల తోడబుట్టినవాళ్లు కొండతాత ముందు నిలబడి వాడి పేరు పైకి పలకాలి. పుట్టుపేరు, తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు, మూడూ పలకాలి. అప్పుడు తాత తన లెక్క తాను చూసుకుంటాడు. పేరు తప్పితే మాత్రం ఆ డొక్కగీత పలికినదాని డొక్కలోకి వస్తుంది.

అవ్వ ఒళ్లో, నిజం అడగడానికి ఆమె పూజించే పుర్రె ఒకటి ఉంది. నెత్తిన ఉన్నిటోపీ, పళ్ల మధ్య వెలిగించిన సిగరెట్టు. అవ్వ దాన్ని తెల్లవాడి వైపు తిప్పింది. సిగరెట్టు నివురు కప్పి నల్లబడింది. జనం వైపు తిప్పింది. ఎవరూ పీల్చకుండానే నిప్పు భగ్గుమంది... సగం సిగరెట్టు ఒక్క గుక్కలో బూడిదైంది!

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పక్కపక్కన నిలబడ్డ అన్నదమ్ములు ఒక అడుగు ఎడంగా జరిగారు.

అది గాలి పనేనని ఫౌస్తో తేల్చేశాడు. ఇరవై మైళ్ల అవతల పడి ఉన్న పిల్లను తన సైకిలు మీద వేసుకుని ఊళ్లోకి తెచ్చింది ఈ తెల్లవాడే కదా, దొరికినచోట ఇంకెవడున్నాడని అడిగాడు. తరవాత తెల్లవాడి పక్కసంచిలో దొరికిన చిన్న రేకుడబ్బాను మూత తీసి అందరికీ చూపించాడు. లోపల పచ్చటి కొవ్వు!

బసీలియా ఆ డబ్బా అందుకుని వాసన చూసింది. వేలితో తీసి రుద్దింది.

"ఇది తోలు సీటుకు రాసేది" అంది. "ఎండకు తోలు పగలకుండా. మా ఇంట్లో దిగేవాళ్లలో సగం మంది దగ్గర ఉంటుంది."

"సీటుకు కొవ్వు రాస్తారా! ఆ సీటేమన్నా పెళ్లికూతురా?" అంది వెనక ఎవరో ఆడమనిషి.

ఊరిపెద్ద హిలారియోన్ నవ్వలేదు. వచ్చిన ప్రతివాణ్ణీ వెనకేసుకొస్తే నీ చెల్లెలు దక్కుతుందా అని మెల్లగా అడిగాడు.

బసీలియా కాళ్ల వైపు చూసుకుంది. చెప్పుల కింద నీడ నల్లటి గీతలా మిగిలింది. ఇంకెంతసేపు? పది నిమిషాలా? చుల్యుంకాని శిఖరం మీద మేఘం తునక కూడా లేదు, అయినా కొండ కడుపులో ఎక్కడో ఉరుము దొర్లింది.

ఫౌస్తో తెల్లవాడి పాస్‌పోర్టు తెరిచి ఆమె పక్కకు వచ్చాడు.

"నేను చదువుతా. నువ్వు తిరిగి పలుకు, చాలు. ఊఁ... విటోల్డ్..."

అప్పుడు మాట్లాడాడు తెల్లవాడు. వచ్చీరాని భాషలో, ప్రాణం పోబోతున్నా ఎవరినీ తిట్టకుండా.

"అమ్మా, గంట గంట అంటున్నారు. నా సైకిలుకు గంట లేదు. మనుషులే లేని దారిలో గంట ఎవరి కోసం?"

బసీలియా తల తిప్పి చూసింది. రాళ్లకు ఆనించిన అతని సైకిలు... హాండిలు మీద సంచి ఉంది, దిక్సూచి ఉంది. గంట లేదు. గంట బిగించిన గుర్తు కూడా లేదు.

గంటలున్న సైకిళ్లు వేరే ఉన్నాయి. లారీ వెంట ఊరి నుంచి తొక్కుకుంటూ వచ్చినవి, దారి చూపేవాళ్లవి. నాలుగు. లామా మందలు అడ్డొస్తే తప్పుకోవడానికి నాలుగింటికీ ఉన్నాయి.

ఆమె మొదటి సైకిలు దగ్గరికి వెళ్లి గంట కొట్టింది. లారీలో కాళ్లు తిరిగినట్టే తిరిగాయి. రెండోది కొట్టింది. తేడా లేదు. మూడోది. తేడా లేదు. ఆ సైకిళ్ల సొంతదారులు ముగ్గురూ పట్టి ఉంచిన ఊపిరి వదిలారు.

నాలుగో గంట కొట్టింది.

ట్రింగ్...

లారీ తొట్టి దడదడలాడింది! నికాసియా పాదాలు కంటికి ఆనడం లేదు... గిర్రున, గిర్రున, ప్రాణభయంతో పారిపోతున్నట్టు! గొంతులోంచి చచ్చిపోయిన ముగ్గురి గొంతులు కలిసి ఒకే కేక... కనుమ అవతలి దాకా సాగిన కేక! దుప్పట్లు ఎగిరిపడ్డాయి. అవ్వ ఒళ్లో పుర్రె తనంతట తాను తిరిగి, ఆ నాలుగో సైకిలు వైపు చూసింది!

ఒక పెద్ద అరచెయ్యి ఆ గంటను కప్పేసింది. ఫౌస్తో చెయ్యి.

"నేను నేర్పిన పిల్ల. నా గంట గుర్తుపట్టింది, అంతే" అన్నాడు.

సరిపోయే మాటే. ఊరు నమ్మే మాటే. కానీ బసీలియా చూపు ఆ చేతి మీద లేదు. మొగుడి నడుము మీద ఉంది.

ఈ దారి తొక్కినవాళ్లెవరైనా నడుం సన్నబడే తిరిగొస్తారు. ఆ ఎత్తు, ఆ గాలి, ఆ ఇసుక ఒంట్లో కొవ్వు మిగలనివ్వవు. వాళ్ల లాగుల నడుములు బిగించి కుట్టడం పన్నెండేళ్లుగా ఆమెకు మామూలు. ఈ ఏడు మాత్రం ఒక లాగు నడుం మూడుసార్లు వదులు చేసింది. మే నెలలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి, అక్టోబరులో ఒకసారి. మూడు చావులు. మూడు కుట్లు!

ఆ లాగు తగరపు గనిలో ఊపిరితిత్తులు రాయైపోయి, రెండేళ్ల కిందట మెట్టు ఎక్కలేక గోడకానుకుని కూర్చున్న మనిషిది. ఒక పొద్దున దగ్గు ఆగిపోయింది. మరుసటి నెల సైకిలెక్కాడు. ఆమె కన్నీళ్లతో కొండతాతకు దణ్ణం పెట్టుకుంది. ఎలా తగ్గిందని ఒక్కసారైనా అడిగిందా?

ఆమె కళ్లలో ఏముందో అతను చదివేశాడు. దగ్గరికి జరిగి, ఇంకెవరికీ వినపడకుండా అన్నాడు.

"ఊపిరాడక చస్తుంటే, ఎలాగైనా బతకమని కాళ్లు పట్టుకుని ఏడ్చింది నువ్వు కాదూ? బతికాను. గనిలో ఒక పుర్రెకు దీపం పెట్టి ఏం చేశానో నీకెందుకు? మనకు ఇల్లుంది, పొయ్యి వెలుగుతోంది. వీడెవడో. వీడి పేరు పలుకు, ఇంటికి పోదాం."

"వీడి పేరు పలికితే ఆ గీత నా డొక్కలోకి వస్తుంది కదా."

ఫౌస్తో పాస్‌పోర్టులో ఆ పేరు మీద వేలు పెట్టి చూపించాడు.

"తెలిసే అందించావు" అంది బసీలియా.

అతను పాస్‌పోర్టు మూసి, పెట్రోలు డబ్బా మళ్లీ చేతికి తీసుకున్నాడు. పెళ్లయిన పదిహేనేళ్లలో అతను ఆమెకిచ్చిన జవాబుల్లో అంత స్పష్టమైన జవాబు ఇంకొకటి లేదు.

చెప్పుల అంచు దాటి, గడ్డిపరకంత నీడ తూర్పుకు జారింది. లారీలో కాళ్లు నెమ్మదించాయి... కుడి... ఎడమ... కుడి...

బసీలియా అపచేత ముందుకు నడిచింది. శిఖరానికి ఎదురుగా నిలబడింది. తాను ఏ పేరు పిలిచి రోజూ అన్నానికి రమ్మంటుందో, ఆ పేరే ఇప్పుడు పలకాలి. తప్పయితే తన చావు. ఒప్పయితే ఆ ఇంట్లో ఇక తానొక్కతే.

"ఫౌస్తో" అంది.

దగ్గు! రెండేళ్లుగా వినపడని ఆ పాత దగ్గు, గనిలో బండరాయి పగిలినట్టు అతని ఛాతీలోంచి పెళ్లున లేచింది! పెట్రోలు డబ్బా చేజారింది. బూడిదరంగు ధూళి నోట్లోంచి పొగలా వచ్చింది. జనం వెనక్కి తూలారు. హిలారియోన్ మాత్రం ముందుకు వచ్చి, తెల్లవాడి కట్లు విప్పడం మొదలుపెట్టాడు.

"ఒద్దే..." అన్నాడు ఫౌస్తో, మోకాళ్ల మీద పాక్కుంటూ. "ఒద్దు..."

"కలిసాయా" అని అతని తండ్రి ఇంటిపేరు పలికింది ఆమె.

కొండ గర్జించింది! కాళ్ల కింద రాళ్లు కదిలాయి. ఫౌస్తో బుగ్గలు కరిగాయి, మెడ కరిగింది, భుజాలు ఎముకల మీదికి కుంగాయి... తోడుకున్నదంతా తోలుసంచిలోంచి నీరు కారినట్టు కారిపోతోంది! ఆమె వదులు చేసి కుట్టిన ఆ లాగు అతని నడుం మీద నిలవలేదు. ఎక్కడి నుంచో గాలి లేచి అతన్ని అంగుళం అంగుళంగా రాళ్లగుట్ట వైపు ఈడుస్తోంది. గోళ్లతో నేల పట్టుకున్నాడు. నేల పట్టు ఇవ్వలేదు.

లారీలో నికాసియా వేళ్లు ఒక్కొక్కటిగా హాండిలు వదిలాయి. ఎడమ పాదం పెడలు మీంచి దిగి, సైకిలు ఆపినవాళ్లు నేల కోసం వెతికినట్టు, గాలిలో తడుముకుంది.

"అక్కా..." చాలా సన్నటి గొంతు. ఆమెదే, ఇంకెవరిదీ కాదు. "అక్కా, కాలు ఆనడం లేదు..."

తల్లి ఇంటిపేరు కూడా చెప్పమని అవ్వ అరిచింది. మూడూ చెప్పకపోతే తాత తీసుకోడు, నీడ ఆగదు, పిల్ల మళ్లీ ఆ దారిలో పడుతుంది!

ఫౌస్తో తలెత్తాడు. పుర్రె లాంటి ఆ ముఖంలో ఆమెకు తెలిసిన కళ్లు రెండే మిగిలాయి. అవి బతిమాలుతున్నాయి. బసీలియా వాటిలోకి సూటిగా చూస్తూ, అరవై మంది వినేలా, కొండతాత వినేలా, పొల్లు పోకుండా మొత్తం పేరు పలికింది.

"నా చెల్లెల్ని తిన్నవాడు ఫౌస్తో కలిసాయా వరాచి."