పచ్చబిళ్ళ

మొన్నటి దాకా ముసురు పట్టి మూలిగిన ఆకాశం ఆ పొద్దున ఒక్క మబ్బు తునకైనా లేకుండా తేరుకుంది. తూర్పు నుంచి ఎండ అప్పుడే సూదుల్లా దిగుతోంది. గండి పడిన కాలువ కట్ట మీద బురద ఆరుతుందని శిబిరంలో అందరి మొహాలూ విప్పారాయి. కుళ్ళాయప్ప ఒక్కడికే గుండె జారింది. ఇంటికాడ వేరుశనగ పీకుడుకు వచ్చి ఉంది. ఈ ఎండకు ఎర్రనేల బిగుసుకుందంటే, చెట్టు పీకినా చేతికొచ్చేది ఆకూ కాడే. కాయలు భూమిలోనే తెగి ఉండిపోతాయి.

మొహమైనా కడుక్కోకుండా గేటు దగ్గరికి నడిచాడు.

గేటుకు కాపలా మనిషి లేడు. ఒక స్తంభం, దానికో కన్ను, ఒక గొంతు.

"శుభోదయం కుళ్ళాయప్ప గారూ. మెడ ఇటు తిప్పండి."

తిప్పాడు. మెడ వెనక అతికించిన చిన్న బిళ్ళ పచ్చగా వెలిగింది.

"మీకు పని చేయాలని ఉంది."

"నాకు ల్యాదు. ఇంటికి పోవల్ల. సేను పీకల్ల."

"మీరు అలా అంటున్నారు. మీ ఇచ్ఛ మాత్రం స్వచ్ఛంగా ఉంది. అభినందనలు."

"అభినందనలు నీ కాడే పెట్టుకో. నిన్న అంతమందిని పంపిస్తివే, నన్ను పంపేకి ఏం నొప్పి?"

"వారికి ఇష్టం లేదు. ఇష్టం లేనివారిచేత తట్టెడు మట్టి మోయించినా నేరం."

బిళ్ళ రంగు మార్చడానికి ఎవరో చెప్పిన ఉపాయం ఒకటి ఉంది. కుళ్ళాయప్ప పచ్చిమిరపకాయ కసుక్కున కొరికి, పెళ్ళాం సుంకులమ్మ కోపంగా చూసే చూపును కళ్ళ ముందుకు తెచ్చుకున్నాడు. కళ్ళలో నీళ్ళు కారాయి. బిళ్ళ పచ్చగానే ఉంది.

"మంచినీళ్ళు కావాలా?" అంది స్తంభం.

ఆ బిళ్ళ పేరు ఇచ్ఛామాపకం. ఈ శతాబ్దం ముప్పాతిక వంతు గడిచాక పుట్టిన వస్తువు. అప్పటికి ఏటేటా తుపానులు కట్టలు తెంపుతున్నాయి. యంత్రాలు కొనే శక్తి చాలని దేశం మనుషుల చేతుల్ని నమ్ముకుంది. స్వచ్ఛంద సేవ అన్నారు. బడి గోడలు లేచాయి, చెరువుల పూడిక తీశారు, కొండ మీది గూడేలకు దారులు పడ్డాయి. మొదట్లో అదంతా పెళ్ళిపనిలా సాగింది. తరువాత అధికారులు ఊరూరా తలలు లెక్కపెట్టి జనాన్ని తోలుకురావడం మొదలుపెట్టారు. స్వచ్ఛందం అనే మాట వింటేనే జనం తలుపులు మూసుకునే రోజులు వచ్చాయి.

అప్పుడు డాక్టర్ మృణాళిని ఈ బిళ్ళను తయారుచేసింది. మనిషి చెయ్యి కదిలే ముందు మెదడులో ఒక సంకేతం పుడుతుంది. న్యూరల్ సిగ్నల్ అంటారు దాన్ని. పనిని తలచుకున్నా చాలు, అది పుడుతుంది. ఎవరైనా భయపెట్టి పని చేయిస్తే భయం ముందు మెరుస్తుంది, చెయ్యి సంకేతం తరువాత. తనంత తాను చేస్తే చెయ్యే ముందు. ఏది ముందో చెప్పడమే బిళ్ళ పని. చెయ్యి ముందైతే పచ్చ, భయం ముందైతే బూడిదరంగు. బూడిదరంగు వచ్చిన మనిషిని ఏ అధికారీ ఆపడానికి లేదు.

మంచి చట్టం. దాన్ని తెచ్చిననాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాళ్ళున్నారు.

కానీ పచ్చబిళ్ళలు ఏడాదికేడాది తగ్గుతూ వచ్చాయి. బూడిదరంగు వచ్చినవాడు ఇంటికి పోయి మళ్ళీ ఏ పనికీ లేచేవాడు కాదు. మిగిలినవాళ్ళ మీద బరువు పెరిగింది. చివరికి ఒక నిబంధన వచ్చింది. గండి పడినచోట పచ్చబిళ్ళవాళ్ళు పని ముగిసేదాకా గేటు దాటరాదు. వాళ్ళకు ఇష్టమే కాబట్టి ఇది బలవంతం కాదన్నారు. ఎవరూ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పగలిగినవాళ్ళంతా అప్పటికే ఇళ్ళకు పోయి ఉన్నారు.

కుళ్ళాయప్ప కట్ట మీదికి వచ్చేసరికి ఫోను మోగింది.

"మామా, నేల బిగిస్తాంది" అంది సుంకులమ్మ. "రేపటికి పీకకపోతే పలుగుతో తవ్వుకోవల్ల. నాకొక్కదానికి ఏమయితాది?"

రాళ్ళ చేలలోకి పీకుడు యంత్రాలు దిగవు. పీకితే మనుషులే పీకాలి.

"ఈరన్నను పిలువు. పోయినేడు వాని సేన్లో నేను ముయ్యి చేసినా గదా." ముయ్యి అంటే బదులు పని. నీ చేనికి నేను, నా చేనికి నువ్వు.

"పిలిస్తి. ఏమనె తెలుసునా? 'నా బిళ్ళ బూడిదరంగు చూపిచ్చింది వదినా, నాకు ఇష్టం ల్యాదంట, మిషనే చెప్పినాక నేనేం జేయల్ల' అనె. అరుగు మీద కాలు మీద కాలేసుకోని కూచున్నాడు. మిషను రాకముందు ఈ మాట అనేకి వానికి సిగ్గుండె."

"నేను వస్తా."

"రోజూ అదే చెప్తావు" అని పెట్టేసింది.

కట్ట మీద తట్టలు అందించేది ఆదెమ్మ. ఆమె మనవరాలికి పురిటి నెల. అయినా పోవడానికి లేదు, ఆమెదీ పచ్చబిళ్ళే. "ఎత్తు నాయనా" అంది. చెయ్యి దానంతటది తట్ట కిందికి పోయింది.

పొద్దెక్కాక సర్కారు బండిలో డాక్టర్ మృణాళిని వచ్చింది. తలంతా నెరిసింది. పచ్చబిళ్ళలు ఎందుకు తరిగిపోతున్నాయో చూసి రమ్మని పైవాళ్ళు పంపారు. రోజూ గేటు దగ్గర పోట్లాడే మనిషి ఎవరని అడిగి కుళ్ళాయప్పను తన గుడారంలోకి పిలిపించింది.

"మీకు వెళ్ళాలని ఉందా?"

"నా సేను ఎండిపోతాంది మేడమ్. పోవల్ల."

ఆమె అతని బిళ్ళకు ఒక తీగ తగిలించి తెర ముందు కూర్చుంది. బయటి చప్పుడు వినపడకుండా అతని చెవులకు మూతలు పెట్టి, వాటిలోంచే మాట్లాడింది.

"కళ్ళు మూసుకోండి. ఈ లోకంలో మీకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరనుకోండి. మిమ్మల్ని చూసేవాళ్ళు లేరు, రేపు ఎవరూ ఏమీ అనరు. గండి ఉంది, తట్ట ఉంది. ఎత్తుతారా?"

కుళ్ళాయప్ప ఆలోచించాడు. బిళ్ళ నెమ్మదిగా బూడిదరంగుకు తిరిగింది. మృణాళిని కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"ఇప్పుడు ఆదెమ్మ తట్ట పట్టుకుని మీ ఎదురుగా నిలబడి ఉంది. ఏమీ అనడం లేదు. ఊరికే నిలబడి ఉంది."

రెప్పపాటులో పచ్చ వెలిగింది.

ఆమె అతని చెవి మూతలు తీసింది. మరో ఇద్దరిని పిలిపించి అదే ప్రశ్న వేసింది. అదే జవాబు వచ్చింది. ఆఖరికి బిళ్ళ తన మెడకే అంటించుకుని, తనను పంపిన అధికారి మొహం తలచుకుంది. తెర మీద పచ్చ చూసి చప్పున పీకేసింది.

"ఏమయ్యింది మేడమ్?"

"మొహమాటం" అందామె. "దాన్ని నేను భయంలో కలిపి లెక్కవేశాను. కొత్తగా పుట్టిన మొహమాటం భయంలాగే మెరుస్తుంది. అలాంటివాళ్ళను బిళ్ళ వదిలేసింది. ఎముకలోకి దిగిపోయినది ఉంటుందే, అది మెరవదు. చెయ్యే ముందు పోతుంది. నేను ఇష్టాన్ని కొలవలేదు కుళ్ళాయప్పా. కాదనలేనివాళ్ళను ఒక్కొక్కరినే ఏరి ఇక్కడ పెట్టి తాళం వేశాను."

కుళ్ళాయప్ప తల గోక్కున్నాడు. "అది ఇష్టం కాదంటారా? ఆయమ్మ నిలబడుకోనుంటే ఎత్తకుండా ఎట్లుండేది?"

"నాకు తెలియదు" అంది మృణాళిని. "ఇరవై ఏళ్ళు తెలుసనుకున్నాను."

కొలతలో అనుమానం వస్తే అందరినీ ఇష్టం లేనివాళ్ళకిందే చూడాలని చట్టంలో ఉంది. ఆ రాత రాసింది కూడా ఆమే. గండి ఇంకా పూర్తిగా పూడలేదు. కింది ఊళ్ళ నారుమళ్ళు ఈ కాలువ నీళ్ళ కోసం చూస్తున్నాయి. ఆమె రెండుసార్లు తెర మూసి, రెండుసార్లు తెరిచింది. తరువాత మీట నొక్కింది.

మధ్యాహ్నం బువ్వ వేళకు గేటు కమ్మీ పైకి లేచింది. శిబిరంలోని బిళ్ళలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

"ఎవరైనా వెళ్ళవచ్చు" అంది స్తంభం. "ఎవరినీ ఏమీ అడగను."

జనం లేచి నిలబడ్డారు. ఒకరినొకరు చూసుకున్నారు. కుళ్ళాయప్ప తన మూట చంకన పెట్టుకుని గేటు వైపు నడిచాడు. ఇప్పుడు బయలుదేరితే పొద్దు వాలేలోగా చేనికి చేరతాడు. నేలలో తడి ఇంకా కొంత మిగిలి ఉంటుంది.

"నాయనా" అంది వెనక నుంచి ఆదెమ్మ. విస్తరాకులు పరుస్తోంది. "ఈ ఎండలో ఉత్త కడుపుతో పోతావా? రొంత బువ్వ తిని పోరాదా. నీ వాటా కూడా వండినారు."

అతను గేటు వైపు చూశాడు. ఆమె వేసిన ఆకు వైపు చూశాడు. తిని పోతే ఏం, అనుకున్నాడు. మూట పక్కన పెట్టి కూర్చున్నాడు.

అతను కూర్చున్నాడని పక్కవాడు కూర్చున్నాడు. వరస నిండింది. మృణాళిని గుడారం బయటికి వస్తే ఆమెకూ ఆకు వేశారు. ఆమె బండిలోనే తిని వచ్చింది. వద్దనబోయి, వద్దనలేక, చీర కుచ్చిళ్ళు సర్దుకుని నేల మీద కూర్చుంది.

రాగి సంగటి, పప్పు, వేరుశనగ ఊరిబిండి పచ్చడి. ఎవరూ గేటు వైపు చూడలేదు. సంగటి ముద్దలు పప్పులో అద్దుకుని నెమ్మదిగా తిన్నారు. తొందరగా తినేస్తే పక్కవాడు ఏమనుకుంటాడోనని ఇంకా నెమ్మదిగా తిన్నారు. ఆకులు ఖాళీ అయ్యాయి. వరసలో కూర్చున్నాక అందరికంటే ముందు లేవడం మర్యాద కాదు. కుళ్ళాయప్ప పక్కవాడి వైపు చూశాడు. పక్కవాడు ఆ పక్కవాడి వైపు చూశాడు. వేళ్ళకు అంటిన సంగటి ఎండి పొరలు కడుతున్నా, ఆకుల ముందు అందరూ అలాగే కూర్చుని ఉన్నారు.