కుర్చీ మీద ఊది కూర్చోవాలి

"ఒరేయ్ మెట్రో! దీపం ఆరకుండా తాళం తిప్పావంటే నీ వీపు విమానం మోత మోగుద్ది!"

వీధి ఆ చివర నుంచి ప్రోకోప్ మామ వేసిన కేకకి మంచుగుట్ట మీద కాకులు రెండు లేచిపోయాయి. బండిలో కూర్చున్న మెట్రో టక్కున చెయ్యి తీసేశాడు. డీజిల్ పికప్ అంటే కొత్త పెళ్ళికూతురు లాంటిది మరి. తాళం సగం తిప్పితే ముందు పసుపు దీపం వెలుగుతుంది. లోపల వేడెక్కి అది ఆరేదాకా బుద్ధిగా కూర్చోవాలి. తొందరపడ్డామా, అలిగి కూర్చుంటుంది.

మామ రొప్పుకుంటూ వచ్చి కిటికీ పట్టుకున్నాడు.

"నాకు తెలీదా మామా? పుట్టినప్పటి నుంచీ డీజిల్ బళ్ళేగా."

"తెలిసే కిందటి బండి ఇంజను బూడిద చేశావా?"

ఏ మాటకామాటే, మామ అన్నది నిజమే. పదహారు కిలోమీటర్ల అవతల మెట్రో పొలంలో నలభై ఆవులున్నాయి. గడ్డి చుట్టలు లాగడానికి బండి లేక వారం నుంచి అల్లాడుతున్నాడు. కెనడాలోని సస్కాచివాన్ చలికాలంలో ఆవు ఒక్కపూట పస్తుంటే తెల్లారేసరికి బిగుసుకుపోతుంది. అందుకే మామ పక్కింటి నెట్టి పెద్దమ్మ బండి బేరం కుదిర్చాడు. మెట్రో కిందికి దూరి తుప్పు వెతికాడు, చమురు పుల్ల లాగి వాసన చూశాడు. పాతదే గానీ బంగారంలాంటి బండి. ముందు జాలీలోంచి ఇంజనుకి వేడి పెట్టే కరెంటు వైరు నాలుకలా వేలాడుతోంది. ఆ దేశంలో ప్రతి బండికీ ఉండేదే. రాత్రి గోడకి ప్లగ్గు పెట్టకపోతే పొద్దున బండి లేవదు.

నెట్టి పెద్దమ్మ శాలువా అయినా లేకుండా మెట్ల మీద నిలబడి ఉంది. చెక్కు చూడకుండానే జేబులో కుక్కుకుంది.

"చీకటి పడకముందే తీసుకుపో నాయనా."

"పండగ పూట అమ్మడమేంటి నెట్టీ? రేపు ఇవ్వచ్చుగా?" అన్నాడు మామ.

"ఇవాళ కాబట్టే," అని లోపలికెళ్ళి తలుపేసుకుంది.

మామ గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు. తాతలు ఉక్రెయిన్ నుంచి తెచ్చుకున్న పాత పంచాంగం ప్రకారం వాళ్ళకి జనవరి ఆరు పెద్ద రోజు, క్రిస్మస్ ముందు సాయంత్రం. తొలి చుక్క పొడిచేదాకా పస్తు. చుక్క కనబడ్డాక పన్నెండు వంటకాలతో భోజనం. పోయినవాళ్ళ కోసం ఒక కుర్చీ, ఒక పళ్ళెం ఖాళీగా ఉంచుతారు. కూర్చోబోయే ముందు ఎవరి కుర్చీ మీద వాళ్ళు 'ఫూ' అని ఊదుకుంటారు. ముందే ఏ ఆత్మో వచ్చి కూర్చుని ఉంటే పక్కకి జరుగుతుందని.

"పోయినేడు నేనూ వాళ్ళింట్లోనే తిన్నా. చుక్క పొడిచింది. నెట్టి పిలిస్తే వాళ్ళాయన పావ్లో 'ఇప్పుడే వస్తా, ప్లగ్గు పెట్టి వస్తా' అని బయటికెళ్ళాడు. ఎంతకీ రాడు. ఈ బండితో కబుర్లు చెప్పడం ఆయనకి అలవాటేలే. నెట్టికి కోపమొచ్చింది. 'దాంతోనే తిననీ' అని మాకు వడ్డించేసింది. ఇవాళ రెండు కుర్చీలు ఖాళీ అని నేను జోకు కూడా వేశానురా..." మామ ముక్కు తుడుచుకున్నాడు. "పన్నెండూ తిన్నాం. తిన్నాక వెళ్ళి చూస్తే, బండి ముందు మోకాళ్ళ మీద ఉన్నాడు. గుండె ఆగింది. చేతిలో వైరు అట్లాగే ఉంది. ఆ రోజు నుంచి నెట్టి బల్ల దగ్గర కూర్చోదు. పొయ్యి దగ్గర నిలబడే తింటుంది."

పసుపు దీపం ఆరింది. మెట్రో తాళం తిప్పాడు. ఒక్క దగ్గుతో బండి లేచింది.

నాలుగున్నరకే పొద్దు కుంకుతోంది. అటూ ఇటూ తెల్లటి పొలాలు. సీటు మీద పాత గొర్రెతోలు, వెల్లుల్లి వాసన. ఎదురుగా ధాన్యం లారీ ఒకటి వచ్చింది. ఆ దారుల్లో ఎదురైన వాళ్ళకి స్టీరింగు మీద నుంచి ఒక వేలు ఎత్తడం మర్యాద. మనిషికో వేలు. లారీ ఆయన మెట్రోని చూసి వేలెత్తాడు.

తర్వాత పక్క సీటు వైపు చూసి మళ్ళీ ఎత్తాడు.

మెట్రో నవ్వుకున్నాడు. నవ్వు సగంలో ఆగింది. హీటరు భగభగలాడుతోంది. కుడి భుజం మాత్రం మంచులో పెట్టినట్టుంది.

టక్... టక్... టక్.

వైరు జారి జాలీకి కొట్టుకుంటోంది. దిగి గట్టిగా లోపలికి దోపాడు. కిలోమీటరు పోయాడో లేదో, టక్... టక్. మళ్ళీ దోపాడు. మూడోసారి దిగినప్పుడు వైరు వేలాడటం లేదు.

గాల్లో నిలబడి ఉంది. బిగుతుగా. ఎవరో కొస పట్టుకుని, వచ్చిన దారి వైపు లాగుతున్నట్టు.

గాలి లేదు. చప్పుడు లేదు. చెవి పక్కన మాత్రం... "ఇప్పుడే వస్తా..."

మెట్రో బండిలో పడ్డాడు. ఇంజను ఆగిపోయింది. తాళం సగం తిప్పాడు. పసుపు దీపం వెలిగింది. ఆరలేదు. నిమిషం... రెండు... పది. అద్దాలకి లోపల మంచు పూసింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. భయం ఒక పక్క, ఇంకో పక్క జాలి. పాపం, ఏడాదిగా ఆకలితో ఉన్నాడే ఈ మనిషి.

"సరే పెద్దాయనా," అన్నాడు. "ఇంటికే పోదాం."

దీపం ఆరింది.

బండి తిప్పుతుంటే నున్నటి మంచు మీద చక్రాలు జారాయి. పక్కన లోతైన కాలువ. తెల్లటి నేల, నల్లటి ఆకాశం ఒక్కసారి తలకిందులయ్యాయి... అంతే. తర్వాత చూస్తే రోడ్డు మీదే పోతున్నాడు. మధ్యలో ఏమైందో గుర్తు లేదు. వైరు చప్పుడు కూడా లేదు.

మెట్రో లోపలికి వచ్చేసరికి నెట్టి పెద్దమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. మామ ఖాళీ బల్ల ముందు దిగాలుగా కూర్చున్నాడు.

"బండి వద్దా నాయనా?" అంది పెద్దమ్మ, మొహం పాలిపోయి.

"బండి కావాలి పెద్దమ్మా. తిన్నాక తీసుకెళ్తా." మెట్రో బల్ల వైపు చూపించాడు. "నాలుగు పళ్ళాలు పెట్టు. ఆయన... ప్లగ్గు పెట్టి వస్తానన్నాడుగా."

ఆమె చేతిలో గరిట ఆగిపోయింది. మామ లేచి కిటికీ అద్దం తుడిచాడు.

"మంచి పని చేశావురా, వైరు తగిలించి వచ్చావు."

మెట్రో తగిలించలేదు. చూశాడు. గోడ దగ్గర ప్లగ్గు పెట్టి ఉంది. వైరు మీద మంచు కూడా దులిపి ఉంది.

పెద్దమ్మ నాలుగు పళ్ళాలు పెట్టింది. పన్నెండు వంటకాలు లేవు, మూడే ఉన్నాయి: గసగసాలూ తేనే వేసిన గోధుమ పాయసం, బీట్‌రూట్ చారు, బంగాళాదుంప కుడుములు. అప్పుడు వెళ్ళి తలుపు బార్లా తెరిచింది. చలి లోపలికి దూకింది.

"పావ్లో!" అని చీకట్లోకి కేకేసింది. ఏడాది కిందట రెండోసారి వెయ్యని కేక అది. "రావయ్యా! చల్లారిపోతోంది! నువ్వు లేకుండా తినేశాను... నాదే తప్పు, రావయ్యా!"

ఎవరూ రాలేదు. బల్ల మీది దీపం మాత్రం ఒకసారి వంగి లేచింది. ఆమె కళ్ళు తుడుచుకుని, మెల్లగా తలుపేసింది.

"కూర్చోండి. ఊది మరీ కూర్చోండి."

మామ ఊదాడు. మెట్రో తన కుర్చీ మీద ఊది కూర్చున్నాడు. పెద్దమ్మ కుర్చీ లాక్కుని, ఊది, ఏడాది తర్వాత మొదటిసారి బల్ల ముందు కూర్చుంది. కుర్చీ కిర్రుమంది. మామ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇన్నాళ్ళూ నిలబడి తిని కాళ్ళు అరగదీసుకున్నావు కదే," అన్నాడు.

"నువ్వు కూర్చుని తిని కుర్చీలు అరగదీశావుగా," అంది ఆమె. ఇద్దరూ ఏడుస్తూ నవ్వారు.

పాయసం గిన్నె మెట్రోకి అందిస్తూ ఆమె వేళ్ళు అతని చేతికి తగిలాయి. ఉలిక్కిపడింది.

"ఇదేంటి నాయనా, ఇంత చల్లగా ఉన్నావు? పొయ్యి పక్కనే ఉన్నావుగా!"

మెట్రో జవాబు చెప్పబోయాడు. ఎదురుగా ఖాళీ కుర్చీ, పళ్ళెం, పక్కన చెంచా. పెద్దమ్మ, మామ తలలు వంచుకుని తింటున్నారు. అతనూ చెంచా ఎత్తాడు.

అప్పుడు, సరిగ్గా అతని మెడ వెనక... వెల్లుల్లి వాసనతో, వెచ్చగా, ఓపిగ్గా... అతను కూర్చున్న కుర్చీ మీద, ముందే కూర్చున్న ఆత్మని పక్కకి జరగమన్నట్టు, ఎవరో ఊదారు.

ఫూ.